తప్పంతా మావటిదే

ఆ సర్కస్‌లో ఏనుగు చుట్టుపక్కల ఏ తప్పు జరిగినా, ఒప్పుకోవడానికి మావటి సిద్ధంగా ఉండేవాడు. చెయ్యని తప్పు, చెయ్యలేని తప్పు, అసలు మనిషన్నవాడి వల్ల కాని తప్పు, ఏదైనా సరే. చొక్కా గుండీ సర్దుకుని ముందుకొచ్చి "నేనేనండీ" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే వంటావిడ లబోదిబోమంటూ యజమాని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యగారూ, నాలుగు అరటిగెలలు మాయం! తొక్క కూడా మిగల్లేదు!"

"నేనే తిన్నానండీ," అన్నాడు మావటి.

"నాలుగు గెలలా?"

"ఆకలేసిందండీ."

"తొక్కలతో సహానా?"

"పారేస్తే ఎవరైనా జారిపడతారనీ..."

యజమాని నెత్తి కొట్టుకుని తప్పుల పుస్తకం తీశాడు. అది తండ్రి నాటిది. అందులో మనుషులకూ జంతువులకూ వేరువేరు పేజీలు ఉన్నాయి. మావటి పేజీలు ఎప్పుడో నిండిపోయి, అతని తప్పులు అట్ట లోపలివైపుకు ఎక్కాయి. యజమాని కుర్చీ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయేలా కూర్చున్నది మావటి. తొట్టెడు నీళ్లు బ్యాండు వాళ్ల మీద చిమ్మినదీ మావటే.

"బాకా ఊదేవాడు నిలువునా తడిసిపోయాడయ్యా!"

"పుక్కిలించానండీ. కాస్త దూరం పోయింది."

పనిలో మాత్రం అతనికి వంక పెట్టడానికి లేదు. తెల్లవారగానే ఏనుగు పాదాలు ఒక్కొక్కటే ఎత్తించి, రాళ్లు గుచ్చుకున్నాయేమో చూసేవాడు. గోళ్లు ఆకురాయితో అరగదీసేవాడు. అంకుశం ముట్టేవాడు కాదు. చెవి వెనక కాలి బొటనవేలితో తట్టి "కూర్చో తల్లీ" అంటే, అది పీపా మీద కూర్చునేది. ఒక్కోసారి పీపా వదిలేసి నేల మీద చతికిలబడేది. "తప్పు నాదే, సరిగ్గా చెప్పలేదు," అని మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఇలా ఆరేళ్లు గడిచాక ఒక కలప వ్యాపారి, గడ్డితో అల్లిన టోపీ పెట్టుకుని వచ్చాడు. దుంగలు లాగడానికి సాధువైన ఏనుగు కావాలన్నాడు. యజమాని ఏనుగు పక్కనే నిలబడి పుస్తకం తెరిచి చూపించాడు. ఏనుగు పేజీ తెల్లగా మెరుస్తోంది.

"ఆరేళ్లలో ఒక్క తప్పూ లేదా! ఇంకేం కావాలి? రేపే లారీ పంపిస్తాను."

డేరా చిరిగి కొత్తది కొనాలన్న తొందరలో ఉన్న యజమాని సరేననబోయాడు. మావటి గబగబా ఇద్దరి మధ్యకూ వచ్చాడు.

"అయ్యగారూ, అరటిగెలలు ఇదే తిన్నదండీ! కుర్చీ విరగ్గొట్టిందీ, నీళ్లు చిమ్మిందీ కూడా ఇదే! నేను ఒక్క పండు ముట్టుకోలేదు!"

"మరి అన్నీ నేనే నేనే అన్నావు కదయ్యా?"

"మూడు తప్పులు చేసిన జంతువును పంపెయ్యాలని పెద్దయ్యగారు మొదటి పేజీలో రాశారండీ. నేను చేరిన వారమే ఒంటెను లారీ ఎక్కించేశారు. పాపం, వెనక్కి తిరిగి తిరిగి చూసింది. అందుకనీ..."

యజమాని మొదటి పేజీ తిప్పాడు. తండ్రి చేతిరాత అక్కడే ఉంది. ఆ మాట తనకే గుర్తులేదు. గుర్తుపెట్టుకున్నది మావటి ఒక్కడే.

"కట్టుకథలండీ, ఏనుగును వదల్లేక," అని వ్యాపారి నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే తొండం వచ్చి అతని టోపీ ఎత్తుకుపోయింది. కరకరా నమిలిన చప్పుడు వినిపించింది.

"నా టోపీ! ఎవరది?"

"నేనేనండీ!" అని, మావటి వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

"ఈ ఏనుగును అమ్మనండీ," అన్నాడు యజమాని. వ్యాపారి బోడితలతో వెళ్లిపోయాడు.

యజమాని కలం తీసి ఏనుగు పేజీ తెరిచాడు. మావటి ఊపిరి బిగబట్టాడు. యజమాని అతనికేసి ఒకసారి చూసి, ఆ పేజీ మూసేసి, అట్ట లోపల మిగిలిన కాస్త జాగాలో రాశాడు: "టోపీ. మావటి తిన్నాడు."

"అరుగుతుందంటావా?" అని అడిగాడు.

"గడ్డి నాకు పడుతుందండీ," అన్నాడు మావటి.