శుభ్రమైన ముక్కు

నా చిన్నప్పుడు నా ముక్కు మహా శుభ్రంగా ఉండేది. అందుకు నేను గర్వపడేదాన్ని. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రాజోలు దగ్గర మా ఊళ్లో కాలవ పక్కన పీచు షెడ్డు ఉండేది. కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి గుంటలో కుళ్లబెట్టి, కర్రలతో కొట్టి పీచు తీసేవారు. ఆ నల్లటి నీళ్లు మురిగిపోయిన గుడ్డులా కంపు కొట్టేవి. షెడ్డు లోపల ఎండిన పీచు దులుపుతుంటే పొట్టు పొగలా లేచేది. మా మేనత్త అక్కడే పని చేసేది. వేసవి సెలవుల్లో ఆవిడకి క్యారేజీ తీసుకెళ్లి, సాయంత్రం దాకా అక్కడే ఆడుకునేదాన్ని.

కంపు ముక్కులోకి పోతేనే రోగం వస్తుందని మా నాయనమ్మ నమ్మకం. అందుకని అక్కడ ముక్కు మూసుకుని నోటితో గాలి పీల్చమని నేర్పింది. రోజంతా నోరు తెరుచుకునే తిరిగేదాన్ని. నెల తిరక్కుండా దగ్గు పట్టుకుంది. దిష్టి అని తాడు కట్టించారు. తగ్గలేదు. ఇక ఆదివారం ఛాతీ మీద వాత పెట్టించాలని నాయనమ్మ తేల్చేసింది. మూడేళ్ల ముందు అక్కకీ పెట్టించారు. అప్పటికి మేనత్త ఇంకా అత్తవారింట్లోనే ఉంది. ఆ రోజు అక్క పెట్టిన కేక విని నేను మంచం కిందికి దూరాను.

శనివారం సాయంత్రమే వాతలు పెట్టే ముసలాయన చోటు చూడడానికి వచ్చాడు. వేళ్లతో ముక్కు చీది, పంచెకి రాసుకుని, అవే వేళ్లతో నా ఛాతీ నొక్కాడు. "ఇక్కడ పెడితే పోద్దండి" అన్నాడు. ఆ జిగట ఒంటికి అంటుకుంటే నాకు డోకొచ్చింది.

అప్పుడే పని నుంచి వచ్చిన మేనత్త గుమ్మంలో నిలబడి అదంతా చూసింది. లోపలికెళ్లి రెండు తెల్ల పింగాణీ పళ్లేలు తెచ్చింది. ఒకదాంట్లో తన ముక్కు చీదింది. మట్టిరంగు ముద్ద పడింది.

"సిగ్గు లేదేవే నీకు, పెద్దాయనకి చీమిడి చూపిస్తావా?" అంది నాయనమ్మ.

"నేను పళ్లెంలో చీదేనమ్మా. ఆయనైతే పిల్ల ఒంటికే పూసేరు." నా వైపు తిరిగింది. "నువ్వూ చీదవే."

చీదాను. ఏమీ రాలేదు. "నాది శుభ్రం అత్తా."

"ఆయ్, మహా శుభ్రం. ఇప్పుడు నీళ్లు పుక్కిలించి ఈ రెండో దాంట్లో ఉమ్ము."

ఉమ్మాను. గోధుమరంగు నీళ్లలో పీచు నలుసులు తేలాయి. ఆ పళ్లెం పట్టుకెళ్లి ఇద్దరి మొహాల ముందూ పెట్టింది.

"ఇద్దరం ఒకే షెడ్డులో ఉన్నామమ్మా. నా ముక్కు పొట్టుని పట్టింది, చీదితే బయటికొచ్చింది. దీని ముక్కుకి నువ్వు పనే చెప్పలేదు. నోట్లో అంటుకున్నదే ఇంతుంటే మిగతాది ఎక్కడికెళ్లిందంటావు? మీరు చెప్పండి బాబాయిగారూ, పైన కాలిస్తే లోపలి పొట్టు పోద్దాండీ?"

ఆయన పళ్లెం వైపు చూడలేక, పెద్దల నాటి వైద్యమని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నాయనమ్మ ఓడిపోలేదు. "వారం చూస్తాను. తగ్గకపోతే వాతకి దీన్ని నువ్వే పట్టుకోవాలి" అంది.

ఆ వారం అత్త నన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. నోరు మూసుకుని ముక్కుతోనే పీల్చమంది. కంపు కొడుతోందంటే అక్కణ్ణించి పొమ్మని ముక్కు చెబుతోందని, దాని మాట వినమని నేర్పింది. మరుసటి ఆదివారానికి దగ్గు సగం తగ్గింది, వాత తప్పింది. నిజం చెప్పాలంటే అందులో ముక్కు గొప్పతనం కన్నా షెడ్డుకి దూరంగా ఉండడమే ఎక్కువ పని చేసి ఉంటుంది. అత్తకి మాత్రం ఆ షెడ్డు మానే వీలు లేకపోయింది.

మొన్న మనవడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. పడుకునేటప్పుడు నోటికి ప్లాస్టరు అంటించుకుంటే సకల రోగాలూ పోతాయట. ముక్కు మంచిదే. కానీ ముక్కు దిబ్బడేసినవాడి నోరు కూడా మూసేస్తే వాడు దేంతో పీలుస్తాడో ఆ పెద్దమనిషి చెప్పలేదు. నాకు మళ్లీ ఆ జిగట వేళ్లే ఛాతీ మీద పాకినట్టయింది. ఎవరు ఏ వైద్యం చెప్పినా ఇప్పటికీ నేను ముందు పళ్లెంలో రుజువు అడుగుతాను.

అక్కకి డెబ్బై దాటాయి. జాకెట్టు మెడ కాస్త జారితే చప్పున పైట లాక్కుంటుంది. ఆ చోట నాకు వాత మచ్చ లేదు. అక్క పైట సర్దుకున్నప్పుడల్లా నేను తల తిప్పుకుంటాను.