ఎదురు మాట లేని తీర్మానం

విద్యార్థుల మాట వినాలని ఉపన్యాసమివ్వని పెద్దమనిషి ఈ మధ్య కనిపించడం లేదు. విన్న తర్వాత ఏం చేయాలో మాత్రం ఏ ఉపన్యాసంలోనూ ఉండదు. సూళ్లూరుపేట దగ్గరి ఒక హైస్కూల్లో గుమాస్తాగా ఉన్న గంగులయ్యకు ఆ సంగతి తెలుసు. అతను ఉపన్యాసాలివ్వడు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పంలో, అంటే జాలరిపల్లెలో, చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. 1961లో, పద్దెనిమిదేళ్లప్పుడు, అదే స్కూల్లో ఎస్సెస్సెల్సీ చదువుతున్నాడు. హెడ్మాస్టరు జయరామయ్య ఆ ఏడు ఏదో శిక్షణకు వెళ్లి ఒక ఉత్సాహం మోసుకొచ్చాడు. స్కూలు కమిటీలో ఒక విద్యార్థి కూర్చోవాలి. ఓటుండదు, సలహా చెప్పొచ్చు. కమిటీ నిండా మాగాణి ఆసాములే. ఓటు లేదన్నాక వాళ్లకు అభ్యంతరమూ లేకపోయింది. పిల్లలు గంగులయ్యను ఎన్నుకున్నారు. గొంతు పెద్దది, అంతే.

అతనికీ ఆ కమిటీతో ఒక పని ఉంది. సరస్సులో రొయ్య దొరికే చోట్లు కొన్నే. అందుకని కుప్పంలో చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. వంతు వచ్చిన రోజుల్లో ఇంట్లో ఎదిగిన కొడుకు వల దగ్గర ఉండి తీరాలి. వరికోతలకు బడి మూస్తారు, వంతులకు మూయరు. హాజరు చాలకపోతే పరీక్షకు పంపరు. ఆ తరగతిలో కుప్పం పిల్లలు ఆరుగురు.

ఆగస్టు మీటింగులో గంగులయ్య లేచాడు.

"అయ్యా, కోతలకి సెలవిస్తా ఉండారు గదా. మా వంతు రోజులకి గూడా ఇయ్యండయ్యా."

కమిటీ ప్రెసిడెంటు పద్మనాభయ్య తమలపాకు ఈనె తీస్తున్నాడు. గంగులయ్య కుప్పం పద్ధతిలో అడిగాడు.

"ఎవురికన్నా ఎదురు మాట ఉందా అయ్యా?"

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఎవరూ నోరు విప్పలేదు. కాఫీ వచ్చింది. "బాగా మాట్లాడినావు అబ్బయా" అన్నాడు హెడ్మాస్టరు.

కుప్పం పంచాయితీలో పెద్దకాపు మూడుసార్లు అడిగి, ఎవరూ పలక్కపోతే, అది తీర్మానం. మర్నాడు పొద్దున లేచి కాదనేవాడు మనిషే కాదు. గంగులయ్యకు తెలిసిన సభ అదొక్కటే. ఆ సాయంత్రం కుప్పంలో చెప్పేశాడు: "సెలవిచ్చినారు. వంతు రోజులకి ఆబ్సెంటు ఎయ్యరు."

మిగతా అయిదుగురూ నిశ్చింతగా వలల దగ్గరకు పోయారు. గంగులయ్య వంతుకు వాళ్లన్న పోయేవాడు కాబట్టి అతను బడికి వచ్చేవాడు. ఫిబ్రవరిలో పరీక్షకు పంపేవాళ్ల జాబితా అంటించారు. కుప్పం పేర్లలో అతనిదొక్కటే ఉంది.

పద్మనాభయ్య ఇంటికి పరిగెత్తాడు.

"ఎవురూ కాదనలేదు గదయ్యా!"

"అవునని మాత్రం ఎవురన్నార్రా? సలహా చెప్పినావు, విన్నాం. పో."

మినిట్సు పుస్తకంలో ఒకటే వాక్యం ఉంది: "విద్యార్థి ప్రతినిధి సలహా వినడమైనది."

కుప్పంలో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పడవ తోస్తున్న చెంగయ్య, ఆ అయిదుగురిలో ఒకడు, మాత్రం అన్నాడు: "సలహాదారొచ్చినాడ్రా! సామీ, వల ఎటుపక్క ఎయ్యాలో గూడా జెప్పు, వింటాం." అందరూ నవ్వారు. ఆ నవ్వు అతనికి చాలా ఏళ్లు సరిపోయింది.

గంగులయ్య పరీక్ష రాశాడు. స్నేహితుల కోసం మానేశాడని రాస్తే కథ బాగుండేది, కానీ మానలేదు. పాసై, ఆ స్కూల్లోనే గుమాస్తా అయ్యాడు. చెంగయ్య మళ్లీ బడి మెట్టెక్కలేదు. విద్యార్థి ప్రతినిధి కుర్చీ ఇప్పటికీ ఉంది. వచ్చిన ఇన్‌స్పెక్టర్లందరికీ దాన్ని చూపిస్తారు.

పోయిన ఏడు, 1967లో, ఆ కుర్చీలో పేరమ్మ కూర్చుంది. అదే కుప్పం పిల్ల. లేచి అదే అడిగింది, వంతు రోజులకు సెలవు. మగదిక్కు లేని ఇల్లు, వల దగ్గర అమ్మకు తోడు తనే. పద్మనాభయ్య తమలపాకు మీదికి తల వంచాడు.

మినిట్సు రాస్తున్న గంగులయ్య కలం ఆపాడు.

"ఏమని రాసేదయ్యా? ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

"నీకెందుకయ్యా? విన్నామని రాయి."

"అది రాస్తాను. పాప ఇంటికి పోయి ఏమని చెప్పాల? ఆ మాటొకటి నోటితో చెప్పండి."

పద్మనాభయ్య ఆకు కింద పెట్టాడు. ఆరేళ్లలో మొదటిసారి ఆ గదిలో ఒక జవాబు వినపడింది.

"ఇయ్యం. చాలా?"

"చాలయ్యా" అని గంగులయ్య రాసుకున్నాడు.

గేటు దగ్గర పేరమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"ఏందన్నా, అడిగి మరీ కాదనిపించినావే!"

"అవును" అన్నాడు. "సెలవు లేదు. వంతుకి ఇంకెవురినన్నా చూసుకోమని మీ అమ్మతో ఈ పూటే చెప్పు. రేపు బడికి రా."