నోట్లో పెట్టుకున్నా పరవాలేని మొక్క

ఈ ఎడారి దేశంలో, మలాజ్ అనే పేటలో మా అబ్బాయి అద్దెకున్న ఇంటి వెనక, వంటగదికీ ప్రహరీ గోడకీ మధ్య పన్నెండడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు జాగా ఉంది. అక్కడ ఎండ పడేది పొద్దున ఏడుంబావు నుంచి ఎనిమిది దాకా, నలభై ఐదు నిమిషాలు. నాలుగు రోజులు గడియారం చూసి రాసుకున్నాను. మతిమరుపు ముదిరాక మా ఆయన వీధి గేటు వైపు పోకుండా కుదురుగా కూర్చునేది ఆ నీడలోనే.

కాస్త పచ్చదనం ఉంటే బాగుంటుందని మనీప్లాంటు పెట్టాను. పదకొండో రోజు మధ్యాహ్నం చూస్తే, ఆయన ఒక ఆకు కోసి, తొడిమ గిల్లి, తొడమీద తుడిచి నములుతున్నారు. నలభై ఏళ్లు తమలపాకు వేసుకున్న మనిషి. ఆకారం అదే కదా. పెదవులు, నాలుక వాచిపోయాయి. రెండు రోజులు మజ్జిగ తప్ప ఏదీ మింగలేదు. తప్పు నాదే. ఎండ లెక్క చూశాను కానీ ఆయన నోటి సంగతి చూడలేదు.

"ఇంక మొక్కలొద్దుమా. నాయనను లోపలే పెట్టి వెనక తలుపుకు గొళ్లెం వేస్తాం" అన్నాడు అబ్బాయి. వారం గడువడిగాను.

నర్సరీలో పనిచేసేది జగిత్యాల వైపు మనిషి. "నీడల ఇది మస్తు పెరుగుతదమ్మా" అని మచ్చల ఆకుల మొక్క చూపించాడు.

"తింటే?"

"నోరు వాస్తది."

"మరి అది తింటే?"

"నువ్వు మొక్కలకొచ్చినవా, కూరగాయలకొచ్చినవా అమ్మా?"

సంగతి చెప్పాను. నవ్వడం మానేశాడు. తొమ్మిది మొక్కల్లో ఏడు పనికిరావన్నాడు. రెండు తెలియవన్నాడు, తెలియనివీ నాకు పనికిరానివే. చివరికి తన గది వెనక పెంచుకుంటున్న వాము ఆకు కుండీ తెచ్చాడు. "మేం బజ్జీలేసుకుంటం. నీడల సన్నగ సాగుతది గని సావదు. పట్కపో."

మూడో రోజు ఆయన ఆకు కోశారు. దళసరి ఆకు, మడవబోతే విరిగింది. నన్ను చూసి, "ఏమమ్మా, ముదురాకు అంటగట్టినావే! సున్నమేదీ?" అన్నారు, అంగడామెతో మాట్లాడినట్టు. అలాగే నమిలారు. గంటసేపు ఆయన పెదవులు చూస్తూ కూర్చున్నాను. వాయలేదు.

"రేపు లేతవి తీసిపెట్టు. ఇంట్లో ఆమెకు ముదురాకు పడదు" అన్నారు.

కుండీలో ఇరవై మూడు ఆకులు మిగిలాయి. రోజుకు రెండు కోస్తే పన్నెండు రోజులకు కూడా చాలవు. ఆ నీడలో కొత్త ఆకు రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఇంకా తెలియదు. అబ్బాయి కొన్న గొళ్లెం వంటగది అలమరలో ఉంది, కాగితం కూడా విప్పలేదు.