యాదన్న షేర్వానీ, సిరియా హామ్‌స్టర్

మా యాదన్న పెళ్లి ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. వెనక నుంచి ఒక్కటీ లేదు. ఆ ఘనకార్యం నాదే. ఒకే ఒక్క సలహాతో ఒక షేర్వానీని, పెద్దమ్మ మోకాలిని, మా ఇంటి పరువును కలిపి పగలగొట్టినవాణ్ణి నేను. చెబుతాను, నవ్వుకోండి. మా చుట్టాలంతా ఎప్పుడో నవ్వేశారు.

యాదన్న మా పెద్దమ్మ కొడుకు, బస్సు డ్రైవరు. జహనుమా బస్తీలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పెళ్లి కుదరగానే జరీ షేర్వానీ కుట్టించుకున్నాడు. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టాడు. షేర్వానీ ఇంటికొచ్చేసరికి ఊపిరి వదిలేశాడు. ఇక గుండీలు పడతాయా?

"తమ్మీ, నువ్వు సైంటిస్టువు గదా. పెండ్లిలోపు ఈ పొట్ట పోయేటట్టు ఏమన్న చెప్పు," అన్నాడు.

నేనేం సైంటిస్టును? రీసెర్చిలో అప్పుడే చేరి, హామ్‌స్టర్ల బోన్లు కడుగుతున్నాను. హామ్‌స్టర్ అంటే తోక కత్తిరించి బుగ్గలు ఉబ్బించిన ఎలుక అనుకోండి. అయినా 'తెల్వదన్నా' అనే మాట ఆ వయసులో నా నోట పలికితేనా?

"మా హామ్‌స్టర్లు చలికాలం రాంగనే వాటంతటవే సన్నబడ్తయన్నా. ఒంట్ల కొవ్వు లెప్టిన్ అని ఒక హార్మోన్ పంపుతది. అంటే మెదడుకు ఫోన్ జేసి, 'బస్, ఇగ తినుడు చాలు' అన్నట్టు. ఎండకాలంల మెదడు ఫోన్ ఎత్తది. చలికాలంల ఒక్క రింగుకే ఎత్తుతది."

"ఇది ఎండకాలం గదరా?"

"చలితోని పని లేదన్నా. పగలు చిన్నగైతే చాలు. చీకట్ల కూసో."

అంతే. యాదన్న సెలవు పెట్టి, కిటికీలకు దుప్పట్లు కొట్టి, బల్బులు పీకేసి, మిట్టమధ్యాహ్నం ఇంట్లోకి అమావాస్యను దించాడు. పెద్దమ్మ బిందె తగిలి బోర్లా పడి మోకాలు పగలగొట్టుకుంది.

"ఇంట్ల దీపం లేకుంటే లక్ష్మి ఎట్లొస్తదిరా?"

"లక్ష్మి కాదు పెద్దమ్మా, లెప్టిన్ రావాలె," అన్నాను గంభీరంగా.

చీకట్లో కూర్చున్న మనిషికి ఇంకేం పని? యాదన్న తినడం మొదలుపెట్టాడు. బిర్యానీ అయ్యాక డబల్ కా మీఠా, అదయ్యాక మళ్లీ బిర్యానీ. "ఎంత తిన్ననో కనిపిస్తలేదు తమ్మీ," అని వాపోయాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. నేను ఎలుకను పట్టుకుని కొండను తయారు చేశాను.

అటు ల్యాబులో, వెలుతురు తగ్గించి పెట్టిన నా హామ్‌స్టర్లు కూడా బన్నుల్లా ఉబ్బుతున్నాయి. కంగారుగా మా గైడు మేడం దగ్గరికి పరుగెత్తాను.

"మేడం, లైట్ల టైమర్ ఖరాబైనట్టుంది. ఇవి సన్నబడ్తలేవు!"

"ఎందుకు సన్నబడ్తయి? అట్ల సన్నబడేవి సైబీరియా హామ్‌స్టర్లు, పక్క రూంల ఉన్నయి. నీ దగ్గరున్నవి సిరియావి. పగలు తగ్గితే ఇవి లావైతయి."

"మరి మనుషులు ఏ దేశం లెక్కలకొస్తరు మేడం?"

మేడం కళ్లజోడు తీసింది. "ఏ లెక్కలకూ రారు. ముందు నిజం చెప్పు, ఎవరికి చెప్పినవ్?"

పెళ్లిరోజు టైలర్ వచ్చి షేర్వానీని వెనక మెడ నుంచి కిందిదాకా చీల్చి, పిన్నీసులతో అతికించి, పైన శాలువా కప్పాడు. "దుల్హే మియా, ఝుక్నా నక్కో," వంగావో అంతే, అని హెచ్చరించి పోయాడు. తలంబ్రాల దాకా యాదన్న కర్ర మింగినవాడిలా కూర్చున్నాడు. కానీ పెళ్లికూతురి కాలికి మెట్టెలు తొడగాలంటే వంగక తప్పుతుందా? వంగాడు. పిన్నీసులు టపటపా ఎగిరాయి. ఒకటి పంతులుగారి పళ్లెంలో పడింది. శాలువా జారింది. పందిరి మొత్తానికీ చిల్లుల బనీను దర్శనమైంది. అందరికంటే ముందు నవ్వింది పెళ్లికూతురే.

"ఈ చీకటి వైద్యం ఎవరిదయ్యా?" అన్నాడు ఆమె తండ్రి, సంగతంతా విని. యాదన్న వేలు నావైపు తిరిగింది. గొడుగు ఊచలాంటి ఆ పెద్దమనిషి నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లాడు. నేను చెంప సిద్ధం చేసుకున్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "బిడ్డా, నాకు ఎంత తిన్నా ఒంటికి పడ్తలేదు. ఎన్ని దినాలు చీకట్ల కూసుంటే మా అల్లుని లెక్క అయిత?"

అగ్నిసాక్షిగా ఆ పందిట్లోనే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఎలుకల సంగతులు ఎలుకలకే చెబుతాను. వాటికైనా సరే, ముందు ఏ దేశమో అడిగాకే నోరు విప్పుతాను.