క్లారినెట్టు మాస్టర్‌కు అందని మెచ్చుకోలు

మా బాపు బ్యాండ్ మేళం నడిపేవాడు. పత్తర్‌గట్టి వెనక సందులో ఒక చిన్న గది మా దుకాణం. గోడకు డోళ్లు, కొక్కేలకు ఇత్తడి గుండీల ఎర్రకోట్లు వేలాడుతుండేవి. మూలన పెట్రోమాక్సు దీపాలు. చదువు ఆగిపోయాక నేనూ ఆ దుకాణంలోనే కూర్చునేదాన్ని. పెళ్లివాళ్లు వస్తే బరాత్ ఊరేగింపు ఎక్కడి నుంచి ఎక్కడికో కనుక్కోవడం, ఊడిన గుండీలు కుట్టడం నా పని. డెబ్బైల దశకం మొదటి సంవత్సరాలవి.

మేళానికి ముందు నడిచేది క్లారినెట్టు మాస్టర్. ఇల్లు హుస్సేనీ ఆలంలో. బాపు మేళం పెట్టిన రోజు నుంచీ మాతోనే ఉన్నాడు. నేను ఆయన్ని చాచా అని పిలిచేదాన్ని. ఆయన అద్దెకున్న ఇంటి యజమాని ఇంట్లో వాయిద్యం మోగితే ఒప్పుకునేవాడు కాదు. అందుకని చాచా సాధనంతా మా దుకాణంలోనే. పొద్దున్నే వచ్చి తలుపు సగం వేసుకుని వాయించుకునేవాడు. పక్కనున్న అత్తరు దుకాణం ముసలాయన తన గల్లాపెట్టె వదిలి మా గడప దగ్గరికి వచ్చి నిలబడేవాడు.

బాపుకు చాచా అంటే ప్రాణం. దసరాకు కొత్తకోట్లు కుట్టిస్తే మొదటి కొలత చాచాది. పెళ్లిళ్లు లేని మూఢంలో మేళంవాళ్లందరినీ పిలిచి అన్నం పెడితే మొదటి విస్తరి చాచాది. అయితే బాగా వాయించావని మాత్రం బాపు ఎవరితోనూ అనేవాడు కాదు. ఎదురుగా పొగిడితే కళాకారుడికి దిష్టి తగులుతుందని ఆయన నమ్మకం. మా తాత కూడా అంతేనట. బరాత్ అయిపోగానే బాపు, "దీపాలు జాగ్రత్త, కోట్లు ఇప్పుండ్రి" అనేవాడు. అదే ఆయన మెచ్చుకోలు.

ఒక చలికాలం చాచాకు దమ్ము పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇక ఊదితే ప్రాణానికే ముప్పని ఆసుపత్రిలో చెప్పారు. ఆయన దుకాణానికి వచ్చి, క్లారినెట్టు పెట్టెను బల్ల మీద పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు.

"ఇంక నాతోని గాదు సేట్. వేరేటోణ్ణి చూస్కోండ్రి."

"ఏం ఫికర్ జెయ్యకు మాస్టర్" అన్నాడు బాపు. "నువ్వు ఊదకు. పెదవులకు పెట్టుకొని ముంగట నడువు, చాలు. ఊదేది ఎనకోడు ఊదుతడు."

"ఊదకుంట నడుస్తె గదేం కొలువు?"

"నువ్వు ముంగట లేకుంటె గిది నా మేళమే గాదు."

చాచా తల ఎత్తి బాపును చూశాడు. చివరికి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

ఆ ఎండాకాలమంతా అలాగే గడిచింది. రెండో క్లారినెట్టు వాయించే అతను చాచా శిష్యుడే. చర్చిలో పాడుకునే కుర్రవాడిగా వచ్చి, మా మేళంలోనే పెళ్లాం బిడ్డలున్న సంసారి అయ్యాడు. అతను వెనక వరుసలో తల దించుకుని వాయించేవాడు. ముందు చాచా వేళ్లు రంధ్రాల మీద సరిగ్గా ఆడేవి. చూసేవాళ్లకు తేడా తెలిసేది కాదు. మేళంలో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన అలసిపోకూడదని డోలు వాయించే ఆయన తనంతట తనే నడక నెమ్మది చేసేవాడు.

ఒక సాయంత్రం పెద్ద వ్యాపారి ఇంటి బరాత్. పెళ్లికొడుకు మేనమామ పాటకు మురిసిపోయి మేళాన్ని ఆపించాడు. తన మెడలోని గులాబీల దండ తీసి చాచా మెడలో వేశాడు. "వాహ్ మాస్టర్, ఏం పలికిచ్చినవ్. దిల్ ఖుష్ అయింది" అన్నాడు. చుట్టూ జనం చప్పట్లు కొట్టారు. చాచా సలాం చేశాడు. వెనక శిష్యుడు క్లారినెట్టును కిందికి దించి నేలకేసి చూస్తూ నిలబడ్డాడట. ఇదంతా బాపే ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పాడు. చాచాకు ఇంత మర్యాద జరిగిందని బాపుకు నిజంగానే సంతోషం.

మరునాడు చాచా దుకాణానికి వచ్చాడు. ఎర్రకోటు ఉతికి, ఇస్త్రీ చేయించి, మడతపెట్టి తెచ్చాడు.

"సేట్ లేడా బేటీ?"

"బేగంబజార్ పోయిండు చాచా. కూసోండ్రి, చాయ్ చెప్త."

"వద్దు. గీ కోటు లోపల పెట్టు. రేపటికెల్లి నేను రాను."

ఏం జరిగిందని అడిగాను. ఆయన కూర్చుని, ఆయాసం తగ్గేదాకా ఆగి, మెల్లగా చెప్పాడు.

"మీ బాపుది పెద్ద దిల్ బేటీ. ఊదకున్నా నన్ను ముంగటనే నిలవెట్టిండు. దినాం దువా చేస్త ఆయనకు. కానీ నిన్న నా మెడల దండ పడ్డది. ఊదినోడేమో ఎనక ఉన్నడు. నేను నిజంగ ఊదినన్ని ఏండ్లు మీ బాపు నోటికెల్లి ఒక్క మాట రాలే. మాస్టర్, ఇయ్యాల మంచిగున్నది అని ఒక్కసారన్న అనలే. ఏడ తప్పు వాయించిన్నో అని ఇంటికి పోయేదాన్క సోంచాయించేటోణ్ణి."

"మస్తుగ వాయించేటోళ్లు చాచా. బాపుకు గూడ తెలుసు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు బిడ్డవు. గట్లనే అంటవ్."

బాపు రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కోటునే చూస్తూ కూర్చున్నాడు. "గట్లనుకుంటుండెనా" అన్నాడు ఒక్కసారి. లేచి కోటును దాని కొక్కేనికే తగిలించాడు.

రెండు రోజులకు నన్ను వెంటబెట్టుకుని హుస్సేనీ ఆలం వెళ్లాడు. చేతిలో సంచినిండా కమలాపండ్లు. చాచా చెక్క తఖ్తు మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు, బాపు భుజం పట్టుకుని ఆపాడు. వానల గురించి మాట్లాడుకున్నారు. క్లారినెట్టుకు మంచి రీడులు ఇప్పుడు దొరకడం లేదని మాట్లాడుకున్నారు. బాపు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. నేను ఎదురుచూస్తున్నాను. చాచాకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక బాపు లేచి, "మందులు టైముకు తాగు మాస్టర్" అన్నాడు. అంతే అనగలిగాడు.

దారిలో నా ముఖం చూడకుండా అన్నాడు. "ఇయ్యాల మస్తు అలసిపోయిండు. మల్ల వచ్చి చెప్తనే."

ఆ వారం తిరగకుండానే చాచా పోయాడు. బాపు జనాజాకు భుజం పట్టాడు. మేళంవాళ్లందరూ మామూలు బట్టల్లో వెనక నడిచారు. ఖబ్రస్తాన్ నుంచి వచ్చాక బాపు దుకాణం తెరిచి, దీపం వెలిగించకుండా లోపల కూర్చున్నాడు. నేను అన్నం తెస్తే ముట్టలేదు.

చాచా భార్య, మా చాచీ, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్నన్నాళ్లూ పరాయి మగవాళ్లు వెళ్లకూడదు. నేను మాత్రం వెళ్లి వస్తుండేదాన్ని. ఆ గడువు ముగిశాక బాపు నాతో వచ్చాడు. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. గుమ్మానికి పరదా. లోపల నేను, చాచీ. క్షేమసమాచారాలు అయ్యాక ఆమె నాతో మెల్లగా అంది.

"బేటీ, మీ బాపును ఒక మాట అడగనా? మీ చాచా ఎట్ల వాయిస్తుండె?"

ఎందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు.

"నేను ఎన్నడు వినలే" అంది. "ఇంట్ల మోగనియ్యకపోతుండె. బరాత్‌లకు నేను బయటికి రాకపోతుండె. దినాం ఆ బాజాను తుడుస్తుంటె చూసిన గంతే. ఎట్ల పలుకుతుండెనో నాకు తెల్వదు."

ఆ మాటలు బాపుకు వినబడ్డాయి.  పరదా అవతలి నుంచి ఆయన గొంతు వచ్చింది.

"భాభీ, ఒకపారి చార్‌కమాన్ కాడ జోరుగ వాన పడ్డది. పెండ్లోళ్లందరు దుకాన్ల కిందికి ఉరికిన్రు. మాస్టర్ నడిరోడ్డు మీదనే నిలవడి పాట ఆపలే. పెండ్లిపిలగాడు గుర్రం దిగనన్నడు, పాట అయిపోనియ్యిమన్నడు. నేను సోడాబండి ఎనకకు పోయి ఏడ్చిన."

చాచీ దుపట్టా అంచును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకోటి చెప్పమను" అంది.

అప్పగింతలప్పుడు చాచా పాట ఎత్తుకుంటే లొల్లి చేసే బరాత్‌వాళ్లు సైతం గమ్మున అయిపోవడం చెప్పాడు. ఇంకొకటి చెప్పాడు. నేను పుట్టిన రోజున చాచా దుకాణంలో ఒక్కడే కూర్చుని వాయించాడట. "బయట నిలవడి విన్న భాభీ. లోపలికి పోతే ఆపుతడని పోలే." ఆ సంగతి నేను వినడం అదే మొదలు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడేదాకా బాపు చెబుతూనే ఉన్నాడు. చాచీ ఒక్కోటి వింటూ, తెలిసిన పాటకు ఊపినట్టు తల ఊపింది.

తిరిగి వస్తూ పత్తర్‌గట్టిలో బాపు ఆగిపోయాడు. మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద కూలబడి, భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"గిన్ని మాటలుండె నా కాడ" అన్నాడు. "ఆయన కూసున్నప్పుడు ఒక్కటి గూడ రాకపాయె."

నేను పక్కన కూర్చున్నాను. 

ఆ తర్వాత వచ్చిన మొదటి పెళ్లికి నేనూ వెంట వెళ్లాను. బరాత్ ముగియగానే, బాపు రెండో క్లారినెట్టు అతని దగ్గరికి వెళ్లి, అందరి ముందూ, "ఇయ్యాల మస్తుగ వాయించినవ్" అన్నాడు. అతను కంగారుపడి, "మాస్టర్ నేర్పిందే సేట్" అన్నాడు. బాపు ఇంకేదో అనబోయి ఆగాడు.  దీపాలు సర్దే వాళ్ల మధ్యకు వెళ్లి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.