లొరెయిన్ గారి ఎర్ర పెన్ను

మొన్న ఎడిసన్‌లో ఇండియన్ స్టోర్ ముందు కార్ పార్క్ చేస్తుంటే, పక్క కార్‌లోంచి వస్తున్న పాట బేస్ మోతకి నా కిటికీ అద్దం అదిరింది. ఒళ్ళు మండిపోయింది. ఆ బేస్ ఒకప్పుడు నేను పెట్టిందే. లోపల మా స్నేహితుడి కూతురు శ్రేయ, కాలేజీ పిల్ల, ఆ పాటతో గొంతు కలిపి, చచ్చిపోయిన ఒక కుర్రాడి పేరుని హుషారుగా వెక్కిరిస్తూ పాడుతోంది. ఆ పేరు ఇక్కడ రాయను.

నేను అమెరికా వచ్చిన కొత్తలో న్యూవార్క్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనిచేశాను. దాన్ని నడిపిన లొరెయిన్ గారు అరవై దాటిన నల్లజాతి ఆవిడ. మా దగ్గరికి డ్రిల్ అనే రకం ర్యాప్ పాడేవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. వీధికీ వీధికీ ఉన్న పగని బీట్ మీద పెట్టడమే వాళ్ళ పాట. తమవాడు పోతే పేరు తలుచుకుని ఏడుస్తారు, అవతలివాడు పోతే పేరు పెట్టి నవ్వుతారు. ఆ ఏడుపు ఎంతైనా రికార్డ్ చేసేవారు ఆవిడ. నవ్వు మాత్రం ససేమిరా. ముందే పాట కాగితం మీద రాయించి, వెక్కిరించిన పేర్లు ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "బతికున్నవాణ్ణి తిట్టుకోండి. వాడు జవాబు చెప్పుకుంటాడు," అనేవారు.

ఒకసారి ఆవిడ లేనప్పుడు జే అనే గాయకుడు వచ్చాడు. అతని ప్రాణస్నేహితుణ్ణి అవతలి జట్టువాళ్ళు చంపేసి నెల కూడా కాలేదు. అవతలి జట్టులో పోయినవాడి పేరు పాటలో ఉండాల్సిందే అన్నాడు. "అది లేకపోతే మావాడికి ద్రోహం చేసినట్టే, బ్రో." పాట అదిరింది. పేరు తెచ్చుకోవాలన్న యావలో రికార్డ్ చేసి ఇచ్చేశాను.

పాట బయటికొచ్చి వారం తిరక్కుండా నర్సు యూనిఫాంలో ఒకావిడ వచ్చింది. ఆ కుర్రాడి తల్లి. అరవలేదు. "నా కొడుకుని వెక్కిరిస్తుంటే రికార్డ్ చేసిందెవరు?" అంది. నేను తలెత్తలేదు. లొరెయిన్ గారు నన్ను వెనకేసుకురాలేదు. "ఇతనే," అన్నారు.

ఆమె వెళ్ళాక నా మీద విరుచుకుపడ్డారు. "జే దుఃఖంలో గుడ్డివాడయ్యాడు. నీకేం రోగం? నీకెవరు పోయారు?" అని ఎర్ర పెన్ను నా చేతిలో కుక్కారు. "ఇక కొట్టేసేది నువ్వే."

పగ వాళ్ళది, శవాలు వాళ్ళవి, చప్పట్లు మనవి! సిగ్గుండాలి మనకి. అదంతా గుర్తొచ్చి శ్రేయ కార్ కిటికీ తట్టి, ఆ పేరు పాడొద్దన్నాను.

"జస్ట్ సాంగ్ కదా, అంకుల్!" అంది.

"ఆ పేరుగల పిల్లాడికి అమ్మ ఉందమ్మా. నర్సు. నాతో మాట్లాడింది."

శ్రేయ పాట ఆపేసింది. "మీతో ఎందుకు మాట్లాడింది?"

ఈసారి తలెత్తే చెప్పాను. "రికార్డ్ చేసింది నేనే."