రాస్క్ ఇంటిపేరు పట్టిన వైశాలి

ఇబ్రహీంపట్నంలో పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆఫీసులో వైశాలి స్వీడన్ చర్చి రిజిస్టర్లు చదువుతుంది. ఆ గొలుసుకట్టు రాతను పట్టుబట్టి నేర్చుకుంది.

రాస్క్ అనే ఇంటిపేరు మూలం కోసం స్వీడన్ ప్రొఫెసర్ ఒకాయన తొమ్మిదేళ్లుగా వెతుకుతూ, వైశాలి ఆఫీసునూ సాయం అడిగాడు. ఆ వంశంలో మొదటివాడైన నిల్స్ రాస్క్ పాతికేళ్ల వయసుకు ముందు ఏ రికార్డులోనూ లేడు. వైశాలి ఇంటిపేరు పక్కనపెట్టి, పుట్టిన తేదీనీ భార్య పేరునూ పట్టుకుని వెతికింది. తండ్రి పేరు మీదుగా పెర్సన్ అని రాసి ఉన్న అదే నిల్స్ కనిపించాడు. ఒకే పేరున్న సైనికులు చాలామంది ఉండటంతో, సైన్యంలో చేరినప్పుడే అతనికి రాస్క్ అని కొత్త పేరు పెట్టారు.

ప్రొఫెసర్ తన వ్యాసంలో ఆమె పేరు వేశాడు. ఆమె దాన్ని మంచాల అనే ఊళ్లో ఉన్న తల్లి మాణిక్యమ్మకు చూపించింది.

"గంత దూరపోళ్ల ఇంటిపేరు నువ్వే పట్టినవా బిడ్డా?"

"అవ్ అమ్మా. ఇగో, మన ఇంటిపేరు గూడ రాసిండు."

మాణిక్యమ్మ ఆ కాగితం పట్టుకుని వాడకట్టంతా తిరిగింది.